బీర గింజల పిడకలు

ఉగాదికి ముందు పది రోజులు మా ఇంట్లో అందరూ నా మాట వింటారు. వినకపోతే అన్నం దొరకదు. గిన్నెలన్నీ వాకిట్లో ఉంటాయి, పెద్ద పొయ్యి మీద కాగు ఉంటుంది, ఆ కాగులో బొంతలు ఉడుకుతుంటాయి. ఇల్లు దులపడమంటే నాకు అదే. నాలుగు మూలల్లో చీపురు తిప్పి అయిందనిపించడం నాకు చేతకాదు. ఇంట్లో ఉన్నదంతా బయటికి రావాలి, ఎండ తగలాలి, గోడలకు సున్నం పడాలి, అప్పుడు గానీ ఒక్క వస్తువూ తిరిగి గడప దాటకూడదు.

మాది సూర్యాపేట నుంచి చివ్వెంల వైపు పోయే దారిలో చిన్న ఊరు. ముందు రెండు గదులు స్లాబు, వెనక పెంకుల వసారా, దాని వెనక బర్రె కొట్టం. నా భర్త ఇప్పటికీ పొద్దున్నే గొర్రెలను తోలుకొని కాలువ కట్ట మీదికి పోతాడు. కొడుకు మిర్యాలగూడలో రైసు మిల్లులో మిషన్ల పని చూస్తాడు. వారమంతా అక్కడే, ఆదివారం ఇక్కడ. కాబట్టి ఇంట్లో రోజంతా ఉండేది నేనూ నా కోడలూ. ఆమె వసారాలో కుట్టు మిషన్ పెట్టుకొని ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుడుతుంది.

కోడలిది కోదాడ. మా వైపు అత్తను నువ్వు అంటారు. ఆమె వచ్చిన రోజు నుంచీ నన్ను మీరు అంటుంది. మొదటి నెల ఆమె "మీరు తిన్నారా" అంటే నా వెనక ఇంకెవరు నిలబడ్డారా అని తిరిగి చూసేదాన్ని.

నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. అప్పటికి నాకు యాభై దాటాయి. ఒకసారి మిర్యాలగూడలో కొడుక్కి జ్వరమొచ్చిందని తెలిసి, సూర్యాపేట బస్టాండులో ఎవరినీ అడగడం ఇష్టంలేక, జనం ఎక్కుతున్నారని నేనూ ఒక బస్సెక్కాను. దిగి చూస్తే కోదాడ. అక్కడి నుంచి వియ్యపురాలి ఇంటికి పోయి అన్నం తిని, ఆమెను చూడడానికే వచ్చానని చెప్పాను. ఆమె నమ్మలేదు. చేతిలో కొడుక్కి తీసుకుపోతున్న జావ టిఫిన్ డబ్బా ఉంది మరి. ఆ సంగతి తెలిశాక కోడలు మర్నాడు బట్టల మీద గీతలు గీసే సుద్దతో వసారా గచ్చు మీద పెద్దగా మూడు ఊళ్ళ పేర్లు రాసి, "వీటితో మొదలుపెడదాం అత్తమ్మా" అంది. అందరూ అ ఆ లతో మొదలుపెడతారు, నేను బస్సు బోర్డులతో మొదలుపెట్టాను. కోదాడ ఒక్క రోజులో వచ్చింది. సూర్యాపేట వారం పట్టింది. మిర్యాలగూడకు నెల.

ఈ ఏడాది ఇల్లు దులిపేటప్పుడు అన్నీ రాసి పెట్టుకుందామనుకున్నాను. పోయిన ఏడాది రోకలి కనపడక మూడు నెలలు వెతికాం. చివరికి అది చలికాలం బొంతల మూటలో దొరికింది. అక్కడ పెట్టింది నువ్వంటే నువ్వని అందరం ఒకరినొకరం అనుకున్నాం. అది మళ్ళీ జరగకుండా ఒక నోటు పుస్తకం తీసుకొని, ఏ వస్తువు ఎక్కడి నుంచి తీసి ఎక్కడ పెట్టామో రాయడం మొదలుపెట్టాను. నా అక్షరాలు పెద్దవి. పేజీకి ఆరు వస్తువులు పడతాయి.

శుక్రవారం మొదలుపెట్టాం. వెదురుకర్ర కొసకు చీపురు కట్టి కోడలు బూజు దులిపింది, నేను కింద నిలబడి ఎక్కడెక్కడ మిగిలిందో చెప్పాను. అటక మీది సామాను దింపాం. గంప, పాత లాంతరు, కొడుకు చిన్నప్పటి ఊయల తాళ్ళు. నా భర్త గొంగడిని ఉతకలేదు. గొంగడిని ఎవరూ ఉతకరు, ఎండలో పరిచి కర్రతో కొడతారు. దాన్ని కొడుతుంటే ఆయన అప్పుడే గొర్రెలను దొడ్లో తోలి వచ్చాడు.

"మెల్లగ గొట్టు" అన్నాడు. "దాంట్ల నేనుంటనని మర్సినవా?"

"యాదికుంది కాబట్టే గిట్ల గొడుతున్న" అన్నాను.

కోడలు నవ్వి, నవ్వు కనపడకుండా బూజుకర్ర వైపు తిరిగింది.

సాయంత్రం కొట్టం గోడ దగ్గరికి వచ్చాం. ఆ గోడకు చూరు కింద ఏడు పిడకలు కొట్టి ఉన్నాయి. అవి మామూలు పిడకలు కావు. ఎండిన బీరకాయ లోంచి తీసిన గింజలను పచ్చి పేడలో, బూడిదలో కలిపి అరచేతంత బిళ్ళలు చేసి గోడకు కొడతాం. అట్లా పెడితే గింజకు పురుగు పట్టదు. మిరుగం కార్తెలో మొదటి వాన పడ్డాక పిడకను తుంచి పాదులో పెడితే చాలు. ఆ బీర నా తల్లిగారిది. నా తల్లిగారి ఊరు గరిడేపల్లి పక్కన. నన్ను ఈ ఇంటికి పంపేరోజు మా అమ్మ నా కొంగులో కట్టిన వాటిలో పసుపుకొమ్ములు అయిపోయాయి, బట్టలు చిరిగిపోయాయి, ఈ గింజలే మిగిలాయి. కాయ జానెడే ఉంటుంది, పొట్టిది, గాట్లు పైపైనే. కూర తియ్యగా ఉంటుంది, చెక్కు తీసి తొక్కు నూరితే ఇంకేమీ అక్కర్లేదు. ఒక ఏడాది వానకు గింజలు కుళ్ళితే, సగం పాదులకు హుజూర్‌నగర్‌లో దుకాణం గింజ తెచ్చి పెట్టాం. మూరెడు కాయలు కాశాయి. బర్రె కూడా మూతి తిప్పింది.

ఆ గింజ నేను ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. ఉన్నమాట రాస్తున్నాను. ఇస్తే మన పాదు చిన్నబోతుందని మా అమ్మ అనేది, నాకూ అదే పట్టుకుంది. మూడేళ్ళ కింద వియ్యపురాలు వచ్చినప్పుడు కూర తిని, నాలుగు గింజలు పెట్టమని నలుగురిలో అడిగింది. "మీ కోదాడ మట్టి దానికి పడదు వదినా" అన్నాను. కోడలు ఆ పూట తలెత్తలేదు.

గోడకు సున్నం వేయాలి కాబట్టి ఏడు పిడకలనూ కొడవలి కొసతో ఊడదీశాను. ఎక్కడో పెట్టాను. పుస్తకంలో రాశాను. ఆ తరువాత చీకటి పడింది.

శనివారం బొంతల రోజు. పొద్దున్నే కాగు నిండా నీళ్ళు పోసి, సోడా వేసి, పొయ్యి అంటించాం. కట్టెలు పచ్చివి, పొగ తప్ప మంట లేదు. కోడలి కళ్ళు ఎర్రబడ్డాయి. నేను బావి దగ్గర బిందెలు తోముతూ అక్కడి నుంచే కేకేశాను.

"పొయ్యి పక్కన గూట్ల ఎండు పిడకలున్నయ్, ఎయ్ పిల్లా. మంట మంచిగ తాకుతది."

ఆమె గూటి దగ్గర కాసేపు నిలబడింది.

"ఇవేనా అత్తమ్మా? చిన్నగా ఉన్నాయే."

"పిడక పిడకే. అయి చిన్నగుంటే నీకేం నొస్తుంది? పొయ్యి అయిటిని కొలుస్తదా?"

వేసింది. మంట లేచింది. పొయ్యిలో చిటపటమంటే, పేడలో వడ్లు పడ్డాయనుకున్నాను. బొంతలు బాగా ఉడికాయి, మురికి నల్లగా దిగింది. మధ్యాహ్నం ఆ పొయ్యి బూడిద చల్లారాక, దానికి చింతపండు కలిపి ఇత్తడి సామానంతా తోమాం. అంత మెరుపు ఏ ఏడూ రాలేదు. ఆ రోజు నేను కోడలితో ఆ మాట అన్నాను కూడా. "గీసారి బూడిదలనే ఏదో ఉంది" అని.

ఆదివారం కొడుకు వచ్చి సున్నం వేశాడు. నీలిమందు కొంచెం ఎక్కువ కలిపాడని నేనన్నాను, తక్కువే కలిపానని వాడన్నాడు. మొత్తానికి కొట్టం గోడ కూడా కొత్త పంచెలా తెల్లబడింది. గడపలకు ఎర్రటి జాజు పూసి, ముగ్గు వేశాం. సాయంత్రం వాడు మిర్యాలగూడ బస్సెక్కాడు.

సోమవారం వస్తువులన్నీ లోపలికి తెచ్చే రోజు. ఇది నాకు పండుగ కంటే ఇష్టం. కడిగిన గచ్చు మీద తడి ఆరుతూ ఉంటుంది, బొంతల్లో ఎండ వాసన ఉంటుంది, ఒక్కో వస్తువు తన చోటికి పోయి కూర్చుంటుంది. మధ్యాహ్నానికి అన్నీ సర్దాక, పిడకలు మళ్ళీ గోడ చూరు కింద పెట్టుకుందామని చూశాను. లేవు.

కొట్టంలో చూశాను. గడ్డివాము కింద చూశాను. మంచం కింద, గంపలో, కొడుకు ఊయల తాళ్ళ మూటలో కూడా చూశాను. పుస్తకం చూడాలని తోచలేదు. చదువు వచ్చి పదేళ్ళయినా, కోపం వచ్చినప్పుడు నాకు చదువు రాదు. కోడలి మీదికి పోయాను.

"బీర పిడకలు ఏం జేసినవ్?"

"నేను ముట్టలేదు అత్తమ్మా."

"నువ్వు ముట్టకుంటే కాళ్ళొచ్చి పోయినయా? పట్నంల పుట్టినోళ్ళకు పేడ కనవడితే పారేసుడే తెలుసు. పెంటల ఏసినవా చెప్పు, తీసుకుంట."

"వేయలేదు."

"మరి మీ అమ్మకియ్యలేదని మనసుల వెట్టుకున్నవా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె పోయి మిషన్ ముందు కూర్చుంది. చక్రం తిరగలేదు, ఊరికే కూర్చుంది.

నేను కర్ర తీసుకొని పెంటకుప్ప కెలకడం మొదలుపెట్టాను. మిరుగం వచ్చేసరికి గింజ లేకపోతే ఇక లేదు. మా అమ్మ పోయి చాలా కాలమైంది, ఆ పెరట్లో ఇప్పుడు ఎవరో రేకుల షెడ్డు వేశారు. ఈ భూమ్మీద ఆ బీర ఉన్నది మా గోడ మీదే. అట్లా అనుకుంటూ కెలుకుతున్నాను. నా భర్త గొర్రెలను తోలుకొని వచ్చాడు.

"ఏందే, ఇల్లు ఊడ్సుడు అయిపోయి పెంట ఊడుస్తున్నవా?"

"బీర పిడకలు పోయినయ్."

"ఏడ వెట్టినవ్?"

"యాదికి లేదు."

ఆయన ముఖం కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, తరువాత అన్నాడు, "మూడు దినాల సంది బడి పిల్ల లెక్క ఆ బుక్కు సంకల వెట్టుకొని తిరిగినవ్ గదా. అండ్ల సూడరాదు?"

పుస్తకం తెచ్చాను. నాలుగో పేజీ. నా చేత్తో, పెద్ద పెద్దగా రాసి ఉంది. బీర గింజల పిడకలు ఏడు. కొట్టం గోడ నుంచి పొయ్యి పక్క గూట్లోకి.

చదివాను. ఇంకోసారి చదివాను. రాయడం రాని రోజుల్లో ఏ తప్పయినా ఇంకొకరి మీదికి తోసేయగలిగేదాన్ని, గొంతు పెద్దది కాబట్టి నాదే నెగ్గేది. ఇప్పుడు పేజీ మీద ఉంది. దాన్ని గదమాయించలేను. గూట్లో పెట్టింది నేను. వెయ్యమన్నది నేను. ఆమె అడిగితే, చిన్నవైతే నీకేం నొప్పి అన్నది నేను. నా తల్లిగారి బీరతో నీళ్ళు కాచాను, దాని బూడిదతో బిందెలు తోమాను, మెరిశాయని మెచ్చుకున్నాను.

వసారాలోకి పోయాను. కోడలు ఇంకా అట్లాగే కూర్చుంది. నాకు తియ్యగా మాట్లాడడం రాదు. పుస్తకం ఆ పేజీ తెరిచి మిషన్ మీద పెట్టాను.

"సదువు" అన్నాను.

చదివింది. కళ్ళెత్తి నా వైపు చూసింది.

"నేనే కాల్చిన. నువ్వు అడిగినవ్ గూడ. తప్పు నాది. మీ అమ్మ మాట ఎత్తిన సూడు, అది ఇంక పెద్ద తప్పు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. జాకెట్ గుడ్డ మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"అత్తమ్మా, నేనూ ఒకటి చెప్పాలి. కోప్పడరుగా?"

"ఇయ్యాల నాకు కోపం జేసే మొకం లేదు. చెప్పు."

"రెండేళ్ళ కింద తీగ మీదే ఎండిపోయిన కాయ ఒకటి గింజకు పనికిరాదని మీరు పారేయమన్నారు, గుర్తుందా? పారేయలేదు. అమ్మకి పంపాను."

నాకు కోపం రావాల్సింది. గుండె మీద నుంచి బండ దించినట్టయింది. "మొలిసిందా?" అన్నాను.

"దడి నిండా కాసిందట."

అడగవలసింది ఇక వియ్యపురాలినే. నలుగురిలో ఆమెకు లేదన్న గింజను, ఇప్పుడు ఆమె దగ్గర అడగాలి. కోడలు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. నేను ముందు బాగున్నారా అన్నాను, ఇల్లు దులపడం అయిందా అన్నాను, ఎండలు ముదురుతున్నాయన్నాను. ఆమె అన్నింటికీ ఆఁ ఆఁ అంది. చివరికి ఆమే అడిగింది.

"ఏంటి వదినా, ఎప్పుడూ లేంది ఎండల గురించి చెప్పడానికి ఫోన్ చేశారా?"

"బీర గింజలు కాలిపోయినయ్ వదినా. నేనే కాల్చిన. నీ దగ్గర ఉన్నయట."

అవతల ఆమె నవ్వు వినిపించింది, పళ్ళు కనిపించేంతగా.

"మా మట్టికి పడదన్నారుగా వదినా?"

"అన్న."

"పడిందండి. మా వీధి మొత్తం తిన్నారు."

"జర రెండు కాయల గింజలు పెట్టు వదినా."

"పెడతాను. కానీ ఫోన్‌లో పెట్టలేనుగా. రేపు మంగళవారం, గింజ చేతులు మార్చొద్దు. ఎల్లుండి రండి. అన్నం ఇక్కడే తినండి."

బుధవారం సూర్యాపేట బస్టాండులో కోదాడ బోర్డు నేనే చదివి ఎక్కాను. ఉత్త చేతులతో గింజ తెచ్చుకోకూడదు, గింజకు గింజ పెట్టాలి. అందుకని మా చేలో పండిన నువ్వులు ఒక డబ్బా పట్టుకున్నాను. పోయేసరికి వియ్యపురాలి ఇల్లంతా వీధిలో ఉంది. మంచాలు, బీరువా సొరుగులు, దేవుడి పటాలు. ఆమె నిచ్చెన మీద, మోకాళ్ళ నొప్పితో, ముక్కుకు కొంగు చుట్టుకొని ఉంది.

"మంచిగ దొరికినవ్" అన్నాను.

"దొరికింది మీరు" అంది. "గింజల డబ్బా అటక మీద ఆ చివరెక్కడో ఉంది. ముందున్నవన్నీ దింపితేగానీ చెయ్యి అందదు. నిచ్చెన పట్టుకోండి."

నిచ్చెన పట్టుకున్నాను. ఆమె అందించిన ప్రతిదీ తీసుకొని కింద పెట్టాను, దులిపాను, తుడిచాను. అటక సగం ఖాళీ అయ్యాక డబ్బా దొరికింది. దొరికాక ఆపి వచ్చేయొచ్చు. కానీ సగం తుడిచిన అటకను వదిలి రావడం నాకు చేతకాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. మూలలో బూజు మిగిలిందన్నాను. మీ కళ్ళకే కనిపిస్తుంది వదినా అంది. సాయంత్రం వరకూ ఆమె ఇల్లు నా ఇల్లులాగే దులిపాం. మధ్యలో పప్పు, గోంగూర పెట్టింది. ఉప్పు తక్కువైందన్నాను. మీరు వస్తున్నారని తగ్గించాను, బీపీ కదా అంది. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

డబ్బా తెరిచి గింజలు చూశాను. నల్లగా, పలచగా, మా అమ్మ కొంగులో కట్టినవే. ఆమె గిద్దెడు పోసి, చాలా అన్నట్టు చూసింది. చాలు అన్నాను. ఆమె ఇంకొంచెం పోసింది. నువ్వుల డబ్బా అందుకొని మూత తీసి వాసన చూసింది.

"ఇవి మా మట్టికి పడతాయా వదినా?"

"పడకుంటే నేనొచ్చి జెప్త దానికి" అన్నాను.

ఇంటికొచ్చేసరికి కోడలు పచ్చి పేడ, బూడిద కలిపి పెట్టుకొని కొట్టం ముందు ఎదురుచూస్తోంది. నేను గింజలు పోశాను, ఆమె బిళ్ళలు చేసింది. పదకొండు వచ్చాయి. తెల్లటి గోడ ముందు నిలబడి ఆమె వెనక్కి చూసింది.

"మీ అబ్బాయి సున్నం వేసి మూడు రోజులే అయింది అత్తమ్మా. చూస్తే ఏమంటారో."

"ఆదివారం గదా వచ్చేది. అప్పటికి ఎండిపోతయ్. కొట్టు."

మొదటి బిళ్ళ కొట్టింది. సున్నం మీద చుట్టూ పేడ చిమ్మింది. రెండోది, మూడోది. నా భర్త గొంగడి భుజాన వేసుకొని వచ్చి చూసి, గోడకు దిష్టిచుక్కలు బాగా పెట్టారన్నాడు.

పదకొండోది కొట్టాక కోడలు చేతులు కడుక్కొని నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"రాసుకోరా అత్తమ్మా?"

"నువ్వు రాయి" అన్నాను. "కింద ఇంకో మాట రాయి. అడిగినోళ్ళకు ఇయ్యాలె అని. ఎవరికి ఎన్ని ఇయ్యాల్నో నువ్వే సూడు. నా చేతిలుంటే మల్ల పొయ్యిల వెడ్త."

ఆమె రాసింది. ఆమె అక్షరాలు చిన్నవి, ఒక్క వరుసలోనే పట్టింది.